పదకొండేళ్లుగా కదలని ఫెర్గూసన్, దాని స్పానర్ మీద గీతలు

బూడిదబండి:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

నాన్న పోయి పదకొండేళ్లయింది. ఆయన ట్రాక్టర్ అప్పటి నుంచీ షెడ్డులోనే ఉంది. బూడిద రంగు ఫెర్గూసన్, చిన్న బండి. డాష్‌బోర్డు మీద పలకలో టీఈడీ 20 అని ఉంది, ఆ తర్వాతి నంబరు సగం చెరిగిపోయింది. నిన్న పరదా తీసి చూశాను. ముందు టైర్లు నేలకు అతుక్కుపోయాయి. సీటు కింద ఎలుకలు కాపురం పెట్టాయి. వాన నీళ్లు దిగకుండా సైలెన్సర్ మూతికి నాన్న బోర్లించిన డబ్బా ఇంకా అలాగే ఉంది. అది చూశాక ఏమీ ముట్టుకోబుద్ధి కాలేదు, పరదా కప్పేసి వచ్చేశాను.

తమ్ముడు తూకానికి అమ్మేద్దామంటున్నాడు. వాడి మాటా తప్పు కాదు, షెడ్డు ఖాళీ కావాలి. నాకే మనసొప్పడం లేదు. ఇది మళ్లీ తిరుగుతుందంటారా? ఇవాళ ఉదయం హ్యాండిల్ వేసి చూశాను. రవ్వంత కూడా కదల్లేదు.

ఇంకో చిన్న సంగతి. టూల్ బాక్సులో ఒకే ఒక్క స్పానర్ ఉంది. రెండు కొసలా రెండు సైజులు, కాడ మీద వరసగా గీతలు. నాన్న ఆకురాయితో గీసుకున్నారేమో అనుకుంటున్నాను. ఎందుకో తెలియదు.

పాతనట్టు:
ముందు ఆ హ్యాండిల్ పక్కన పెట్టండి బాబూ. బలం చూపించకండి. ఇంకో బండికి తాడు కట్టి, గేరులో వేసి లాగిద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, అసలు వినకండి. పట్టేసిన ఇంజిన్‌ని అలా లాగితే పిస్టన్ రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు మీ తమ్ముడి మాటే నెగ్గుతుంది.

నాలుగు ప్లగ్గులూ ఊడదీయండి. ఒక్కో సిలిండర్‌లో డీజిలూ పలచటి ఇంజిన్ ఆయిలూ సగం సగం కలిపి ఒక చిన్న గ్లాసు పోయండి. గుడ్డ ముక్కలతో రంధ్రాలు మూయండి. వారం రోజులు తిప్పే ప్రయత్నం చేయొద్దు. రోజూ సాయంత్రం కాస్త కాస్త పోస్తూ ఉండండి, అంతే. వారం తర్వాత పై గేరులో వేసి వెనుక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఊపండి. వెనుక చక్రం పెద్దది కాబట్టి మీ చేతి బలం ఇంజిన్‌కి మెత్తగా అందుతుంది. దెబ్బలా తగలదు.

ఈలోగా కింద ఆయిల్ ప్లగ్ విప్పి చూడండి. ముందు నీళ్లొస్తే ఒక కథ, నల్లటి ఆయిలొస్తే ఇంకో కథ. ఏది వచ్చిందో రాయండి.

గ్రీజుచేతులు:
సైలెన్సర్ మీద డబ్బా బోర్లించిన మనిషి బండి బతికే ఉంటుంది. రాసిపెట్టుకోండి.

హేమ_యంత్రశాల:
బూడిదబండి గారూ, టీఈడీ అంటే మీ దగ్గరున్నది టీవీఓ మీద నడిచే రకం. టీవీఓ అంటే ట్రాక్టర్ వేపరైజింగ్ ఆయిల్, కిరోసిన్‌కి దగ్గర చుట్టం. టీఈఏ పెట్రోలుది, టీఈఎఫ్ డీజిలుది. మీ బండికి ట్యాంకులో రెండు అరలుంటాయి. చిన్నది పెట్రోలుకు, పెద్దది టీవీఓకు. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు మీద స్టార్ట్ చేసి, మానిఫోల్డ్ (ఇంజిన్‌కి గాలీ నూనే అందించే గొట్టం) బాగా వేడెక్కాక కుళాయి టీవీఓ వైపు తిప్పేవాళ్లు. ఆపేముందు మళ్లీ పెట్రోలుకు తిప్పాలి. లేకపోతే మర్నాడు కార్బ్యురేటర్‌లో టీవీఓ మిగిలిపోయి మొండికేస్తుంది.

తొందరపడి వేడెక్కకముందే తిప్పేస్తే ఆ నూనె ఆవిరి కాక, సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసేది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగేది! కొత్తగా నేర్చుకునేవాళ్లు అది చూసి 'మా బండి ఆయిలే తాగదు' అని మురిసిపోయేవాళ్లు. బేరింగులు పోయాక గానీ తెలిసేది కాదు.

బూడిదబండి:
హేమ గారూ, మీరు కుళాయి అనగానే గుర్తొచ్చింది. పొలం నుంచి వచ్చేటప్పుడు దూరంగా మలుపు దగ్గర నాన్న వంగి ఏదో తిప్పేవారు. నేను మడ్‌గార్డ్ మీద కూర్చునేవాణ్ని. శబ్దం కాస్త మారేది. ఇల్లొచ్చిందని బండికి చెబుతున్నారనుకునేవాణ్ని. ఇన్నేళ్లకు ఇవాళ తెలిసింది, అది పెట్రోలు కుళాయి.

చాలుతప్పనివాడు:
శబ్దం సంగతి వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నాను. పాత ఇంజిన్లను చూడక్కర్లేదు, కళ్లు మూసుకుని వింటే చాలు ఏది ఏదో చెప్పొచ్చు. ఇప్పటివి అన్నీ ఒకటే హోరు.

జాన్ డీర్ పాత రెండు సిలిండర్ల బళ్లున్నాయి కదా. మోడల్ డి 1923 నుంచి 1953 దాకా, ముప్ఫై ఏళ్లు తయారైంది. దాని శబ్దం కుంటినడకలా ఉంటుంది. టప్ టప్... ఖాళీ... టప్ టప్... ఖాళీ. రెండు పిస్టన్లూ ఒకటి పైకి ఒకటి కిందికి ఉండేలా క్రాంక్ పెట్టారు. దాంతో రెండు పేలుళ్లు వెంటవెంటనే అరచుట్టు తేడాతో వచ్చేస్తాయి, మూడోదానికి చుట్టున్నర ఆగాలి. 'జానీ పాపర్' అని ముద్దుపేరు వచ్చింది అందుకే. 1960లో కొత్త తరం బళ్లని నాలుగు, ఆరు సిలిండర్లవి దింపేసరికి ఆ కుంటినడక ఆగిపోయింది.

లిస్టర్ సీఎస్ ఆయిల్ ఇంజిన్ విన్నవాళ్లెవరైనా ఉన్నారా? అయిదు హార్స్‌పవర్‌ది. నిమిషానికి 600 చుట్లే, రెండు చుట్లకో పేలుడు. అంటే సెకనుకు అయిదు పేలుళ్లు. నిద్రపట్టని రాత్రి దూరంగా అది కొట్టుకుంటుంటే లెక్కపెట్టుకుంటూ పడుకునేవాణ్ని. ఆగిపోతే మెలకువ వచ్చేది.

పాతనట్టు:
ఉన్నాం నాయనా. సీఎస్ ఫ్లైవీల్ ఆగాలంటే ఇంజిన్ ఆపి ఇంటికెళ్లి చెంబెడు నీళ్లు తాగి రావచ్చు. దానికో డీకంప్రెషన్ మీట ఉండేది, సిలిండర్‌లో గాలి ఒత్తిడి వదిలేసేది. అది ఎత్తి, హ్యాండిల్‌తో చక్రం ఊపందుకునేదాకా తిప్పి, మీట వదిలితే 'ఢుమ్'. ఆ మొదటి ఢుమ్ పాదాల్లోకి వచ్చేది.

హిట్ అండ్ మిస్ ఇంజిన్లు ఇంకా ముందువి. వేగం సరిపోయిందనుకుంటే గవర్నర్, అంటే వేగాన్ని అదుపు చేసే భాగం, ఎగ్జాస్ట్ వాల్వును తెరిచి పట్టుకుంటుంది. నాలుగైదు చుట్లు ఊరికే గాలి పీలుస్తూ వదులుతూ తిరుగుతుంది, నెమ్మదించగానే ఒక్కటి పేలుస్తుంది. పని లేకపోతే పని చేయనని చెప్పే యంత్రం అదొక్కటే. నాకు భలే నచ్చేది.

కొత్తచాలు:
పెద్దలందరికీ దండం. నేను నడిపేది కొత్త బండి. ఏసీ క్యాబిన్, తెర మీద పటం, చాళ్లు అదే సరిచూసుకుంటుంది. నిజం చెప్పనా, మీ పోస్టులు చదువుతుంటే నాకు అసూయ కన్నా ఆశ్చర్యం ఎక్కువ కలుగుతోంది. ఎండకీ దుమ్ముకీ చెవుడుకీ ఇంత ప్రేమేంటి? మా తాతయ్యకి కుడిచెవి వినపడదు. సైలెన్సర్ ఆ పక్కనే ఉండేదట.

ఎవరూ కోపం తెచ్చుకోకండి. నిజంగా అడుగుతున్నాను.

గ్రీజుచేతులు:
ఏంటీ? ఎడమచెవి వైపు వచ్చి అడగండి.

రెండోగేరు:
కొత్తచాలు అడిగింది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. నేను చెబుతాను, ఎవరికి నచ్చకపోయినా సరే.

మా పెదనాన్న పాత ట్రాక్టర్ కింద పడి పోయారు. బురదలో వెనుక చక్రాలు దిగబడ్డాయి. ఆయన చక్రాల ముందు దుంగ పెట్టి, మొదటి గేరు వేసి క్లచ్ వదిలారు. చక్రాలు తిరగలేకపోయాయి. చక్రం తిరగనప్పుడు ఇంజిన్ బలం ఎటు పోవాలి? ఇరుసు చుట్టూ బండే తిరిగింది. ముక్కు పైకి లేచి వెనక్కి పడింది. రెండు సెకన్లు కూడా పట్టలేదని చూసినవాళ్లు చెప్పారు. దూకే టైమే లేదు. తల మీద చట్రం ఉంటే బతికేవారు. అప్పట్లో చట్రమన్న మాటే లేదు.

పాత బళ్ల ఫోటోల కింద 'ఆ రోజులే వేరు' అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజులు వేరే, నిజమే. పీటీఓ షాఫ్టుకి, అంటే ఇంజిన్ బలాన్ని వెనక పనిముట్లకు అందించే తిరిగే కడ్డీకి, కవచం ఉండేది కాదు. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. పంచె కొంగు చిక్కితే 'అమ్మా' అనేలోపు అయిపోతుంది.

చాలుతప్పనివాడు:
రెండోగేరు గారూ, మీ పెదనాన్న గారి సంగతి చదివి మనసు కలతపడింది. దుంగ పెట్టడం అందరూ చేసేదే. నేనూ చేశాను, ఒకసారి ముక్కు లేచింది కూడా. క్లచ్ తొక్కగలిగాను. అది తెలివి వల్ల కాదు, అదృష్టం వల్ల.

హేమ_యంత్రశాల:
రెండోగేరు గారు చెప్పినదాన్ని పక్కన పెట్టి ఈ బళ్ల గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు. ఎందుకంటే బూడిదబండి గారి షెడ్డులో ఉన్న బండి పుట్టిందే ఆ ప్రమాదానికి జవాబుగా.

1917లో ఫోర్డ్‌సన్ మోడల్ ఎఫ్ వచ్చింది. చాసిస్ లేదు. ఇంజినూ గేరుబాక్సూ ఇరుసూ పోతపోసి ఒకదానికొకటి బిగించేస్తే అదే బండి. చవక, తేలిక. 7 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. కానీ నాగలిని ఊరికే దాని వెనక తగిలించి లాగేవాళ్లు. నాగలి రాయికో వేరుకో తగిలితే ఏం జరిగేదో రెండోగేరు గారు చెప్పేశారు. వెనక్కి పడిపోయే బండిగా దానికి చెడ్డపేరు వచ్చింది.

హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండ్‌లో కారు మెకానిక్కు, సొంతంగా విమానం కట్టి ఎగిరినవాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడి ట్రాక్టర్ల పనితీరు చూసే బాధ్యత అప్పగించారు. ఊళ్లన్నీ తిరిగి చూశాక ఆయనకు తట్టింది ఒకటే. నాగలి వేరు, బండి వేరు అనుకోవడంలోనే తప్పుంది. రెండూ ఒకే యంత్రం కావాలి. అందుకే నాగలిని బండికి కలపడానికి కింద రెండు లింకులు (కడ్డీలు), పైన ఒకటి పెట్టాడు. నాగలి నేలలో లోతుకు పోయేకొద్దీ పై లింకు బండిని ముందుకు నెడుతుంది. దాంతో ముక్కు లేవదు సరికదా, ఇంకా నేలకు అదుముకుంటుంది. ఆ నెట్టుడును ఒక స్ప్రింగు పసిగట్టి హైడ్రాలిక్ వాల్వుకు చెబుతుంది. బరువు ఎక్కువైతే నాగలి కాస్త పైకి లేస్తుంది. రాయికి గట్టిగా కొట్టుకుంటే వెనుక చక్రాల మీద బరువు తగ్గి, అవి ఊరికే తిరుగుతాయి. బండి పల్టీ కొట్టదు.

ఈ మూడు లింకుల పద్ధతే ఇవాళ కొత్తచాలు గారి ఏసీ బండి వెనక కూడా ఉంది. తిప్పి చూసుకోండి.

అయితే దీంతో పల్టీలు ఆగిపోలేదు. పక్కకి పడేవి పడుతూనే ఉన్నాయి, దుంగలు పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లన్నిటికీ రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. ఆ తర్వాతే మిగతా దేశాలు కదిలాయి. బూడిదబండి గారూ, మీ బండి తిరిగినా దానికి చట్రం లేదన్నది మరవకండి. వాలు నేల మీదికి తీసుకెళ్లకండి.

రెండోగేరు:
హేమ గారూ, థాంక్స్. పై లింకు సంగతి నాకు తెలియదు. మా పెదనాన్నది ఫెర్గూసన్ కాదు.

కొత్తచాలు:
తిప్పి చూశాను. మూడు లింకులు ఉన్నాయి :) రోజూ తగిలించి విప్పేదే. ఒక మనిషి ఆలోచించి పెట్టాడని ఎప్పుడూ అనుకోలేదు.

పాతనట్టు:
ఫెర్గూసన్ ముక్కోపి. పనిలో ఒక్క నట్టు ఎక్కువ కనిపించినా ఊరుకునేవాడు కాదంటారు. 1938లో హెన్రీ ఫోర్డుకు తన బండి నడిపి చూపించాడు. ఇద్దరూ కాగితం మీద సంతకం లేకుండా చేతులు కలుపుకుని ఒప్పందం చేసుకున్నారు. 1939లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది, వెనక ఫెర్గూసన్ లింకులతో. హెన్రీ ఫోర్డు మనవడు వచ్చాక ఆ ఒప్పందం తెగింది. కోర్టుకెక్కారు. 1952లో రాజీ. ఈ మధ్యలోనే 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీలో టీఈ20 మొదలైంది. 1956 దాకా 5 లక్షల పైచిలుకు బళ్లు. బూడిదబండిది అందులో ఒకటి.

సంతకం లేని ఒప్పందం గురించి ఇంకా చెప్పగలను కానీ, అది ఇంజిన్ పాఠం కాదు, సంసార పాఠం.

మంచుగాలి:
ఆ బూడిద బండి దక్షిణ ధ్రువానికి వెళ్లింది తెలుసా ఎవరికైనా? ఎడ్మండ్ హిల్లరీ బృందం మూడు ఫెర్గూసన్లకు చక్రాల మీద గొలుసు పట్టాలు తొడిగి, క్యాన్వాసు గుడ్డతో చిన్న గూడు కట్టి నడుపుకుంటూ పోయింది. 1958 జనవరి 4న ధ్రువం చేరారు. నేల మీద మోటారు బండిలో అక్కడికి చేరినవాళ్లు వాళ్లే మొదలు. దుక్కి దున్నే బండి అది!

గ్రీజుచేతులు:
ఏసీ క్యాబిన్ అంటే అదీ.

బూడిదబండి:
మీ అందరి పోస్టులూ తమ్ముడికి చదివి వినిపించాను. ధ్రువం దగ్గర మాత్రం ఫోన్ లాక్కుని తనే చదివాడు. 'నెల రోజులు చూద్దాం' అన్నాడు.

పాతనట్టు గారూ, ఆయిల్ ప్లగ్ విప్పాను. ముందు చెంచాడు నీళ్లు, తర్వాత నల్లటి చిక్కటి ఆయిల్. మూడో సిలిండర్ ప్లగ్ రావడానికి ఒక పూట పట్టింది. మిగతా మూడూ వచ్చాయి. డీజిలూ ఆయిలూ పోశాను. పరదా మళ్లీ కప్పలేదు.

పాతనట్టు:
చెంచాడు నీళ్లంటే ఏం లేదు, పదకొండేళ్ల చెమ్మ. భయపడకండి. మూడోదే పట్టి ఉంటుంది. ఇంజిన్ ఆగినప్పుడు దాని వాల్వు తెరుచుకుని ఉండిపోయి, గాలి తగిలి తుప్పు పట్టి ఉంటుంది. దానికి రోజూ రెండు చెంచాలు ఎక్కువ పోయండి.

పెట్రోలు ట్యాంకులో మిగిలింది వాసన చూడండి. పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది. అదంతా తీసేయాలి. కార్బ్యురేటర్ గిన్నె ఊడదీస్తే అడుగున జిగురు కనిపిస్తుంది. పాయింట్లు, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వ పంపే చోట కలిసి విడిపోయే లోహపు ముక్కలు, సన్నటి ఉప్పుకాగితంతో తుడవండి. ఇంజిన్ కదలకముందే ఇవన్నీ చేసేయండి, చేతులకు పని ఉంటే మనసు హ్యాండిల్ మీదికి పోదు.

విరామంలేదు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాకు పాత బళ్ల మీద మోజు వాటి అందం వల్ల కలగలేదు. మొన్న పని మధ్యలో మా కొత్త బండి ఆగింది. తెర మీద ఒక అంకె. అంతే. ఇంజిన్ బాగానే ఉంది, ఏదో సెన్సార్. దాన్ని చూడాలంటే కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌తో రావాలి. మూడు రోజులు. మబ్బు కమ్ముకొస్తుంటే చేలో నిలబడి ఆ అంకెను చూస్తూ ఉన్నాను. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అప్పుడు నాన్న మాట గుర్తొచ్చింది, 'బండి ఆగితే మూడే అడుగు: నూనె వస్తోందా, గాలి వస్తోందా, నిప్పు వస్తోందా'.

ఇది నా ఒక్కడి గోల అనుకున్నాను. అమెరికాలో కొలరాడో రాష్ట్రం దీని మీద చట్టమే చేసింది. 2024 జనవరి నుంచి అక్కడ వ్యవసాయ యంత్రాలు చేసేవాళ్లు రిపేరుకు కావాల్సిన సాఫ్ట్‌వేరూ పుస్తకాలూ రైతుకూ బయటి మెకానిక్కుకూ ఇవ్వాల్సిందే.

కొత్తచాలు:
ఈ ఒక్క విషయంలో నేను మీ అందరి వైపు. నా బండికీ అంకెలొస్తాయి.

రెండోగేరు:
నేను కూడా. భద్రత వేరు, తాళం వేరు. చట్రం పెట్టమన్నాం కానీ బానెట్‌కి తాళం వేయమని ఎవరూ అనలేదు.

హేమ_యంత్రశాల:
ఒక మాట కలుపుతాను. పాత యంత్రాలు 'అర్థమయ్యేవి' అంటాం. అవి సులువైనవని కాదు. లాంజ్ బుల్డాగ్ చూడండి. జర్మనీ బండి, 1921లో మొదలైంది. ఒకే సిలిండర్, తర్వాతి పెద్ద మోడళ్లలో ఆ ఒక్కటే 10 లీటర్ల పైన. స్టార్ట్ చేయాలంటే ముందు బల్బులాంటి తలను బ్లో లాంపుతో ఎర్రగా కాల్చాలి. తర్వాత స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి, దాని కాడను పక్కనున్న ఫ్లైవీల్‌లో దూర్చి, అటూ ఇటూ ఊపి వదలాలి. ఒక్కోసారి వెనక్కి తిరగడం మొదలుపెట్టేది! మొదటి మోడల్‌కి రివర్స్ గేరే లేదు, వెనక్కి పోవాలంటే ఇంజిన్‌నే ఉల్టా తిప్పేవాళ్లు. ఇది సులువా? కాదు. కానీ జరిగేదంతా కంటికి కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో చెవి చెబుతుంది, ముక్కు చెబుతుంది.

ఇంగ్లండులో ఫీల్డ్ మార్షల్ అని ఇంకోటి ఉండేది. దాన్ని తుపాకీ గుండులాంటి కార్ట్రిడ్జ్ పెట్టి, సుత్తితో ఒక్కటిచ్చి స్టార్ట్ చేసేవాళ్లు. నిజంగానే. పొద్దున్నే ఊరంతా ఉలిక్కిపడి లేచేదేమో.

గ్రీజుచేతులు:
హ్యాండిల్ కొట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే పెట్టాలి, చుట్టూ పట్టకూడదు. ఇంజిన్ వెనక్కి తంతే బొటనవేలు పోతుంది. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. నా ఎడమ బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. బూడిదబండి, తమ్ముడికి కూడా చెప్పు.

బూడిదబండి:
పదో రోజు. పై గేరులో వేసి నేనూ తమ్ముడూ చెరో పక్క వెనుక చక్రం పట్టుకుని ఊపాం. ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. తమ్ముడు చెమట తుడుచుకుంటూ 'ఇంకొక్కసారి' అన్నాడు. లోపల ఎక్కడో 'టిక్' అంది. ఫ్యాన్ రెక్క ఒక బెత్తెడు కదిలింది.

అంతే. బెత్తెడే. పక్కింటివాళ్లు ఏమైందోనని వచ్చారు, అలా అరిచాడు మా తమ్ముడు.

చాలుతప్పనివాడు:
బెత్తెడు చాలు. ఇక రోజుకో బెత్తెడు.

పాతనట్టు:
ఆగండి ఆగండి. ఇప్పుడే స్టార్ట్ చేద్దామని పోకండి. ముందుకో బెత్తెడు, వెనక్కో బెత్తెడు. మధ్యలో ఆయిల్ పోస్తూ ఉండండి. పూర్తి చుట్టు వచ్చాక ప్లగ్గులు లేకుండానే చేత్తో నలభై చుట్లు తిప్పండి. సిలిండర్లలో పోసిన ద్రవమంతా ప్లగ్ రంధ్రాల్లోంచి చిమ్ముతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి. కింద ఆయిల్ కొత్తది పోయండి. బ్యాటరీ పెట్టాక స్టార్టర్ బటన్ కోసం వెతక్కండి. మీ బండిలో గేరు లీవర్ 'ఎస్' గుర్తు వైపు నెడితేనే స్టార్టర్ తిరుగుతుంది. అలా చేయాలంటే గేరులోంచి బయటికి రావాల్సిందే. గేరులో ఉండగా బండి దూకకుండా 1946లోనే కట్టిన జాగ్రత్త అది. రెండోగేరు గారికి నచ్చుతుంది.

రెండోగేరు:
నచ్చింది. ఒప్పుకుంటున్నాను. ఫోటో పెట్టండి బూడిదబండి గారూ, చూడాలని ఉంది. ఇలా అడుగుతానని నేనే అనుకోలేదు.

మంచుగాలి:
అందరూ ఇంజిన్‌లో పడి ఆయన మొదటి పోస్టులో అడిగింది మరిచిపోయారు. స్పానర్ మీద గీతలు!

పాతనట్టు:
అయ్యో, నిజమే. ముసలితనం.

అది మీ నాన్నగారు గీసింది కాదు. ఫెర్గూసన్ స్పానర్ అది, బండితో పాటు వచ్చేది. ఫెర్గూసన్ పనిముట్లన్నిటికీ దాదాపు అన్ని నట్లూ రెండే సైజులుండేలా చేశాడు. అందుకే దానికి రెండు కొసలు. కాడ మీద గీతలు అంగుళాలు. నాగలి చాలు వెడల్పు చూసుకోవడానికి వేరే బద్ద అక్కర్లేకుండా స్పానర్‌నే నేల మీద పెట్టి కొలిచేవాళ్లం. ట్యాంకులో ముంచి నూనె ఎంతుందో కూడా దాంతోనే చూసేవాణ్ని. మా గురువు గారు దాన్ని నడుముకి దోపుకుని తిరిగేవారు, నిద్రలో కూడా తీసేవారు కాదని వాళ్లావిడ ఫిర్యాదు.

దాన్ని పారేయకండి. బండి పోయినా అది ఉంచుకోండి.

బూడిదబండి:
ఇప్పుడే వెళ్లి స్కేలు పెట్టి చూశాను. అవును, గీతలు సరిగ్గా అంగుళం అంగుళం.

కానీ ఒకటి లెక్కలోకి రాలేదు. మూడుకీ నాలుగుకీ మధ్య ఇంకో గీత ఉంది. మిగతావి తయారీలోనే వచ్చినవి, నున్నగా ఉన్నాయి. ఇది ఆకురాయితో కోసింది. అంచు గరుకుగా ఉంది. ఇది మాత్రం నాన్నే గీశారు. మూడున్నర కాదు, దానికి కాస్త కింద.

ఇది దేనికై ఉంటుంది?

చాలుతప్పనివాడు:
ఏదైనా పనికి చాలు లోతు గుర్తేమో? ఒక్కో నేలకు ఒక్కో లోతు పెట్టుకునేవాళ్లు.

హేమ_యంత్రశాల:
దున్నేటప్పుడు లోతు హైడ్రాలిక్ లీవరే చూసుకుంటుంది. చేత్తో కొలిచినా అంగుళం గీత చాలు, మధ్యలో గీత అక్కర్లేదు. నాకైతే ట్యాంకు గుర్తు అనిపిస్తోంది.

పాతనట్టు:
ట్యాంకే. నేనూ అలాంటిదొకటి పెట్టుకున్నాను. దీని కింద పడితే పొలంలో ఉండకు, ఇంటి దారి పట్టు అని. పొలం ఎంత దూరమో దాన్ని బట్టి గీత. వాళ్ల పొలం ఇంటికి ఎంత దూరం?

బూడిదబండి:
దూరమే. ఆ మలుపు నుంచి ఇంకా చాలా ఉంటుంది.

తమ్ముడు పక్కనే ఉన్నాడు. బండి స్టార్ట్ అయ్యాక ట్యాంకులో సరిగ్గా ఆ గీత దాకా పోసి, పొలం దగ్గర నుంచి ఇంటికి బయల్దేరి చూద్దామంటున్నాడు. వాలు లేని దారినే, రెండోగేరు గారూ. వాడే నడుపుతాడట. నేను మడ్‌గార్డ్ మీద కూర్చుంటానంటే వద్దన్నాడు, పక్కన నడవమన్నాడు.

ఇవాళ ఫ్యాన్ రెక్క రెండు బెత్తెలు కదిలింది.